మెట్టసీమలో ఓడల గ్రంథములు

నంద్యాలకును ఆళ్లగడ్డకును సముద్రముతో నేమి సంబంధమని సోదరీమణులు మమ్ము నడుగవచ్చును. తూర్పున నల్లమల యడ్డముగా నిలిచినది. ఓడను కన్నులార చూచినవారు మన యిండ్లలో తక్కువ. అయినను మన కుందూనది పెన్నలో గలియును, పెన్న బంగాళాఖాతమున గలియును. 1860 ప్రాంతముల మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు కర్నూలు-కడప కాలువను త్రవ్వించినపుడు పైరులకు నీరిచ్చుటయేకాక పడవలు నడపుటయు వారి సంకల్పమే. ఆశించిన లాభము రాలేదు. 1882లో దొరతనమువారు కాలువను కొనిరి. కావున నావల చరిత్రను దెలుపు ప్రాతపుస్తకములు కూర్చదలచిన యీ సీమ గృహిణి మొదట వెదకదగినది లండనులో నచ్చయిన గ్రంథము గాదు; నరహరి గోపాలకృష్ణమశెట్టిగారు 1886లో రచించిన కర్నూలు జిల్లా మాన్యుయలు.

సముద్రము పురుషుల విషయము, యుద్ధముల విషయము అని కొందరందురు. మాకది సమ్మతము గాదు. మోటుపల్లి శాసనమును చదివినవా రట్లనరు. అంతకుముందు గాలివానకు దారితప్పి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని సొత్తునంతయు రాజులు బలవంతముగా గైకొనుచుండిరి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో ఆ దురాచారమును మాన్పి, ముప్పదింట నొకపాలు సుంకము మాత్రమే తీసికొందునని వర్తకుల కభయమిచ్చెను. వివిధములైన సరకులకు సుంకము లందే చెక్కబడినవి. ఆ సరకులేవి? చందనము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, పగడములు, పట్టునూలు, మిరియములు, పోకలు! మన పూజాగృహమును, తాంబూలపుబళ్లెమును, నగలపెట్టెయు నోడరేవునకు ఋణపడియున్నవి. ఈ శాసనము ఎపిగ్రాఫియా ఇండికా పండ్రెండవ సంపుటమున నచ్చయినది. విడిసంపుట మొకటి దొరకినను విడువరాదు.

1912లో వెలువడిన రాధాకుముద ముఖర్జీగారి భారతనౌకాచరిత్ర మింకొకటి. రెండు కొయ్యల యోడ ముద్రించిన శాతవాహనుల నాణెములగూర్చి యందు చదువవచ్చును. మాకు మిక్కిలి ప్రియమైనది మాత్రము టామస్ బౌరీ గ్రంథము. ఈ యాంగ్లనావికుడు 1669 మొదలు 1679 వరకు తాను చూచిన బంగాళాఖాతపు తీరదేశములను వర్ణించి, పడవల బొమ్మలు తానే గీచికొనెను. ఆ వ్రాతప్రతిని 1905లో హక్లూయిట్ సొసైటీవా రచ్చొత్తించిరి. ఆంగ్లవర్తకులు నరసాపురమున ఓడలు కట్టించుకొనుచుండిన సంగతి యందు గలదు. మేకులులేక పలకలను త్రాళ్లతో గుట్టిన మన తీరపు పడవయు నందు గానవచ్చును. కుట్టుపని యెరిగిన మనకా బొమ్మ వేరొకరు విప్పి చెప్పనక్కరలేదు.

ఇక చిత్రములు. 1804 సెప్టెంబరు 15వ తేదీన విశాఖపట్టణపు రేవున సెంచూరియన్ అను ఆంగ్లనౌకపై ఫ్రెంచి నౌకాధిపతి లిన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చిపడెను. ఆ వేళ సెంచూరియన్ కప్తాను లిండు ఒడ్డుననే యుండెను! అతని క్రిందివాడు పోరు సాగింపగా, కప్తాను నడుమ వచ్చి చేరెను. నౌక చిక్కలేదు. ఈ యుద్ధమును విట్‌కూంబ్ అను చిత్రకారుడు వ్రాయగా, 1817లో జెంకిన్స్ లండనులో ప్రకటించిన నౌకాయుద్ధముల గ్రంథమున నా పటము చేరెను.

ఇచ్చట మాకొక మనోవేదన గలదు. ఇట్టి గ్రంథములను వర్తకులు విప్పి, పటములను కోసి, చట్రములు గట్టి విడివిడిగా నమ్ముచున్నారు. గ్రంథ మొకమారు కొన్నవాడొక్కడే. పటములు కొనువారు పలువురు. ఒకచోటినుండి మాకు టపాలో వచ్చిన యాత్రాగ్రంథమున విషయసూచికలో మడతపటము పేరుండెను, పటము లేకుండెను. కత్తియంచు మాత్ర మగుపడెను. పుస్తకమును త్రిప్పి పంపితిమి. ఇట్టి గ్రంథములలో పెక్కింటిని నేడు సెల్‌ఫోనులోనే యుచితముగా చదువవచ్చును. అట్లయిన నీ కాగితమెందుకని యడుగుదురు. పటము, దాని ప్రక్కనున్న మాట, ఏటవాలుగా వ్రాసిన పూర్వపుయజమాని పేరు - ఇవి యొకచో నుండుటయే కదా సొత్తు! గోడకు పటము కావలెనన్న విడిపటమును కొనుటకంటె నకలు తీయించుకొనుట మేలని మా యభిప్రాయము.

కొనునపుడు భూతద్దము దగ్గర నుంచుకొనవలెను. రాగిరేకుతో నొత్తిన పాతపటము చుట్టు, అంచులు కోసివేయనియెడల, రేకు నొక్కిన గుంట వేలికి తగులును. భూతద్దములో వరుసలుగా సమానమైన చుక్కలు గానవచ్చిన నది తరువాతికాలపు యంత్రముద్రణము. సంపుటము కొనుటకుముందు పటముల పట్టిక ననుసరించి యొక్కొక్కటి లెక్కింపవలెను.

మన సీమ యెండ కాగితమును పెళుసుచేయును. పడమటిగోడకు పటము తగిలింపరాదు. రామబాణపు పురుగునకు మన పెద్దలు వేపాకు, వసకొమ్ము వాడిరి. వానిని పలుచని గుడ్డలో మూటగట్టి బీరువా మూలలనుంచవలెనేగాని పుటలనడుమ నుంచరాదు, మరకపడును. చినిగినచోట జిగురుపట్టీ లంటింపరాదు. అటుకపైని పెట్టెలోని పాతకాగితములను తూకమున కమ్ముటకుముందు గృహిణులు తామే యొకమారు విప్పి చూతురుగాక. మడతలలో నే రేవు పట మున్నదో!