కాలదోషం పట్టిన అప్పు: సంతకానికి ముందు తేదీ చూడాలి

ఏళ్ల తరబడి ఎవరూ అడగని పాత బాకీ కోసం వసూలు ఏజెంట్లు ఒక్కసారిగా ఇంటికి వచ్చినప్పుడు వారి మొదటి కోరిక తరచు చిన్నదిగానే కనిపిస్తుంది. ప్రస్తుతానికి వెయ్యి రూపాయలు కట్టి, ఒక కాగితంపై సంతకం పెట్టమంటారు. చట్టం దృష్టిలో అసలు ప్రశ్న ఆ సంతకమే.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం చేబదులుకు గాని, డిమాండు ప్రోనోటుకు గాని దావా వేయడానికి గడువు 3 సంవత్సరాలు. సొమ్ము ఇచ్చిన లేదా నోటు వ్రాసిన తేదీ నుంచి దీనిని లెక్కిస్తారు. వాయిదాల అప్పులలో వాయిదా తప్పిన తేదీని, ఒప్పంద షరతులను చూడవలసి ఉంటుంది. స్థిరాస్తి తనఖా అప్పులకు గడువు 12 సంవత్సరాలు. గడువు మీరిన దావాను, ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా, కోర్టు కొట్టివేయవలెనని చట్టంలోని 3వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అయితే అప్పు రద్దయినట్లు కాదు. దావా మార్గం మాత్రమే మూసుకుపోతుంది. స్వచ్ఛందంగా చెల్లించిన సొమ్మును తిరిగి కోరే వీలు లేదు. కుదువ పెట్టిన బంగారంపై రుణదాతకు గల హక్కు కూడా పోదు.

తేదీల లెక్కలో కోవిడ్ కాలాన్ని మరువరాదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని గడువు లెక్క నుంచి మినహాయిస్తూ సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి 2019 జూన్ 10న వ్రాసిన ప్రోనోటు గడువు 2022 జూన్‌లో ముగియలేదు; 2024 మే నెల వరకు సాగింది.

ప్రోనోటు వెనుక 'చెల్లు' వ్రాయించుకోవడం తెలుగునాట అందరికీ తెలిసిన పద్ధతి. గడువు లోపల 500 రూపాయలు చెల్లించి, ఆ మేరకు సంతకం చేసినా, ఆ రోజు నుంచి మరో 3 సంవత్సరాల గడువు మొదలవుతుంది. బాకీ ఉన్నట్లు వ్రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేసినా ఫలితం అదే. నోటు తేదీ కంటే చెల్లు తేదీపైనే కోర్టులలో ఎక్కువ వివాదం జరగడానికి కారణం ఇదే. గడువు ముగిసిన తరువాత వ్రాసిన చెల్లు మాత్రం నోటుకు తిరిగి ప్రాణం పోయలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్ ప్రకారం కాలదోషం పట్టిన అప్పును చెల్లిస్తానని వ్రాసి సంతకం చేస్తే అది కొత్త ఒప్పందమవుతుంది. గడువు దాటాక 'బాకీ ఉన్నది' అని వ్రాయడం వేరు, 'చెల్లిస్తాను' అని వ్రాయడం వేరు. కొత్తగా చెక్కు ఇచ్చినా దానిని ఇటువంటి వాగ్దానంగా వాదించే అవకాశం ఉన్నది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. ఆ నోటీసు అందుకున్నవారు ముందుగా తేదీలు సరిచూసుకోవడం అవసరం.

అప్పును మరొక సంస్థ కొనుగోలు చేసినంత మాత్రాన గడువు కొత్తగా మొదలు కాదు. అందుచేత ఏజెంటును అసలు పత్రం నకలు, ఖాతా వివరాలు, బదిలీ పత్రం అడగవచ్చు. కోర్టు సమన్లను మాత్రం ఏ స్థితిలోనూ ఉపేక్షించరాదు. ఎక్స్‌పార్టీ డిక్రీ వెలువడితే దాని అమలుకు 12 సంవత్సరాల గడువు ఉంటుంది.

ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత బకాయిల కోసం ఫోన్ చేయరాదని, రుణగ్రహీతను నలుగురిలో అవమానించరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న బ్యాంకులను, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలను ఆదేశించింది. ప్రైవేటు వడ్డీ వ్యాపారులకు ఈ ఆదేశం వర్తించదు. అయితే బెదిరింపు ఎవరు చేసినా భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరమే. బ్యాంకుపై ఫిర్యాదును ముందు ఆ బ్యాంకుకే వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజులలో పరిష్కారం కాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత న్యాయ సహాయం అందిస్తుంది. ఫోన్ నంబరు 15100.