ఎల్44 దగ్గర ఆగిపోయిన సగటు

ఎల్30 నుంచి ఎల్49 దాకా తీసుకుంటే 20 దేశాలు. ఎల్44 దగ్గర ఆపేస్తే 15. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో వెలువరించిన పరిశోధన పత్రం వెనక ఉన్న ఎక్సెల్ షీట్‌లో సగటు ఫార్ములా 44 దగ్గరే ఆగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని ఆ పత్రం తేల్చింది. మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి 2013లో సరిచూస్తే అది 2.2 శాతం అయింది.

ఈ తేడా అంతా ఎక్సెల్ నెత్తిన రుద్దడం అన్యాయం. ఫార్ములా వాటా 0.3 శాతం పాయింట్లే. మిగతాది కొన్నేళ్ల డేటా వదిలేయడం వల్ల, దేశాలకు వెయిటేజీ ఇచ్చిన తీరు వల్ల వచ్చింది. కానీ ఆ 0.3 మూడేళ్లు ఎవరి కంటా పడలేదు. 15 దేశాల సగటు కూడా చూడ్డానికి 20 దేశాల సగటులాగే ఉంటుంది మరి. సెల్‌లో ఎర్రర్ వస్తే ఎవరో ఒకరు అడిగేవారు.

మన షీట్లలో ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. బి2 నుంచి బి11 దాకా పది ఖర్చులు, బి12లో మొత్తం. మధ్యలో ఎక్కడైనా కొత్త వరస చేరిస్తే ఫార్ములా తనంతట తానే బి2:బి12 అవుతుంది. మొత్తానికి సరిగ్గా పైన చేరిస్తే బి2:బి11గానే ఉండిపోతుంది. ఆ వరసలో అంకె టైప్ చేశాక ఒక్కోసారి ఎక్సెల్ రేంజ్‌ను పెంచుతుంది, ఒక్కోసారి పెంచదు. అసలు ప్రమాదం ఆ ‘ఒక్కోసారి’తోనే.

ఇంకా చిరాకు పెట్టేది యారో కీ. కండిషనల్ ఫార్మాటింగ్ బాక్సులో =$బి2>5000 అని ఉంది. 5000ను 8000 చేద్దామని ఎడమ యారో నొక్కుతారు. కర్సర్ జరగదు, ఫార్ములా మధ్యలో ఏదో సెల్ అడ్రస్ వచ్చి దూరుతుంది. చాలామంది దీన్ని బగ్ అనుకుంటారు, కాదు. అక్కడ యారో అంటే ‘సెల్ ఎంచుకో’ అని అర్థం. ముందు ఎఫ్2 నొక్కితే కర్సర్ మామూలుగా కదులుతుంది. షీట్‌లోనైతే కింద ఎడమ మూలన ‘ఎంటర్’, ‘పాయింట్’, ‘ఎడిట్’లలో ఏ మోడ్‌లో ఉన్నామో కనిపిస్తుంది. బాక్సులో ఎఫ్2 సంగతి ఎవరో చెబితే తప్ప తెలియదు. దీన్ని డిజైన్ లోపమనడానికి నాకేం మొహమాటం లేదు.

నిజమైన బగ్గులూ లేకపోలేదు. ఎక్సెల్ 2007లో 850ని 77.1తో గుణిస్తే 65,535 బదులు 1,00,000 కనిపించేది. బయటపడ్డ కొన్ని వారాల్లోనే సరిచేశారు. అలాంటివి అరుదు.

రోజూ ఎదురయ్యేది టెక్స్ట్‌గా మారిన అంకె. ఒక సెల్‌లో 1200, పక్కదాంట్లో టెక్స్ట్‌గా 800 ఉంటే, ప్లస్ గుర్తుతో కూడితే 2000 వస్తుంది. రేంజ్ ఇచ్చి సమ్ చేస్తే 1200 మాత్రమే! అందుకే మొత్తం పక్కన అంకెల్ని మాత్రమే లెక్కించే కౌంట్, ఖాళీగా లేని సెల్‌లన్నిటినీ లెక్కించే కౌంట్‌ఏ రెండూ వేసి చూసుకోవాలి. మొదటిది 9, రెండోది 10 చూపిస్తే ఒక అంకె టెక్స్ట్ అయిందన్నమాట. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే, అది సెల్‌లో ఎడమ అంచుకు అతుక్కుని దొరికిపోతుంది.