ప్రాణమున్న కణజాలంలో రసాయన చిత్రణ: కండరంలోని భాస్వరం నుంచి మిర్చి ఆకు వరకు

(ప్రత్యేక వ్యాసం)

నెల్లికుదురు (మహబూబాబాద్ జిల్లా): 2021-22 పంటకాలంలో మహబూబాబాద్, వరంగల్, ఖమ్మం ప్రాంతాల మిర్చి తోటలపై నల్ల తామర పురుగు దాడి చేసినపుడు, పూత రాలడం రైతు కంటపడే సరికే చాలా తోటల్లో నష్టం జరిగిపోయింది. మొక్కలోనైనా, మనిషిలోనైనా వ్యాధి ముందుగా కణాల్లోని రసాయనాల మార్పుగా మొదలై, ఆ తరువాతనే కంటికి కనిపించే లక్షణంగా బయటపడుతుంది. ఈ తొలి మార్పును, కణజాలాన్ని కోయకుండా, చంపకుండా చూడగలగడమే ‘సజీవ వ్యవస్థల రసాయన చిత్రణ’ అనే పరిశోధనా రంగం లక్ష్యం. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతో పాటు కంప్యూటర్ గణన కూడా దీనికి అవసరం కావడంతో విశ్వవిద్యాలయాల్లో ఇది ఏ ఒక్క శాఖకూ పరిమితం కాలేదు.

ఈ రంగం పునాదుల్లో ఒక తెలుగువాని కృషి ఉన్నదన్న విషయం పత్రికల్లో అంతగా ప్రస్తావనకు రాదు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరపు నమూనాలపై ఈ పరీక్ష జరిపినపుడు రంగు రావలసిన వేగంతో రాలేదు. పొరపాటుగా భావించి వదిలివేయదగిన ఈ జాప్యాన్ని వారు వదలలేదు. పరీక్షలో వాడే ఆమ్లంలోనే విడిపోయే ఒక అస్థిర భాస్వర సమ్మేళనం కండరంలో ఉన్నదని గ్రహించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. అంతకు ముందు పరిశోధకులు దానిని సాధారణ ఫాస్ఫేట్‌గానే లెక్కిస్తూ వచ్చారు. కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని కూడా వీరు 1929లో వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రంగా ఇదే ఫలితం సాధించారు.

అయితే ఆనాడు కండరాన్ని కోసి, ఆమ్లంలో కరిగించనిదే కొలత సాధ్యం కాలేదు. 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎలుక కాలి కండరాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచి, భాస్వర కేంద్రకాలు ఇచ్చే రేడియో సంకేతాల ద్వారా ఈ రెండు పదార్థాలనూ ఏ ఆమ్లమూ లేకుండానే గుర్తించారు. 1981 నాటికి ఈ పరీక్ష మనుషుల కండర వ్యాధి నిర్ధారణకు చేరింది. రోగి చేతిని కదిలిస్తుండగా ఫాస్ఫోక్రియాటిన్ తగ్గడం, విశ్రాంతిలో తిరిగి పెరగడం తెరపై చూడవచ్చు. ఫాస్ఫేట్ సంకేతం జరిగిన తీరును బట్టి కండరంలోని ఆమ్లత కూడా తెలుస్తుంది. ఆసుపత్రుల్లోని ఎం.ఆర్.ఐ. యంత్రానిదీ ఇదే సూత్రం. తేడా ఏమిటంటే, ఎం.ఆర్.ఐ. ప్రధానంగా శరీరంలో సమృద్ధిగా ఉన్న నీటిని చూస్తుంది. భాస్వర సమ్మేళనాలు నీటితో పోలిస్తే అతి స్వల్పం కనుక వాటి చిత్రం ముతకగానూ, ఆలస్యంగానూ వస్తుంది.

రెండవ మార్గం కాంతిది. 1928లో సి.వి.రామన్ కనుగొన్న ఫలితం ప్రకారం, పదార్థంపై పడి చెదిరే కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు ఒక్కొక్క అణువుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, రామన్ వద్ద పనిచేసి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి అయిన సూరి భగవంతం ఈ అంశంపై 1940లో గ్రంథమే వెలువరించారు. ఈ కాంతి మరీ బలహీనం కావడంతో సజీవ కణాల చిత్రణకు ఇది చాలాకాలం అక్కరకు రాలేదు. రెండు లేజర్ కిరణాలతో ఆ సంకేతాన్ని ప్రేరేపించే సూక్ష్మదర్శిని 2008లో వచ్చిన తరువాత, రంగులు అద్దకుండానే కణంలోని కొవ్వును, మాంసకృత్తులను వేర్వేరుగా చూడగలుగుతున్నారు.

మన రాష్ట్రంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. వంటి సంస్థలు ఒకే నగరంలో ఉండడం ఈ రంగానికి కలిసివచ్చే అంశం. అంతర శాస్త్రీయ పరిశోధనలే ప్రధానంగా టాటా మౌలిక పరిశోధనా సంస్థ (టి.ఐ.ఎఫ్.ఆర్.) కూడా హైదరాబాద్‌లో ప్రాంగణాన్ని నెలకొల్పింది.

మిర్చి విషయానికి వస్తే, పండుకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్, ఆకులోని ఇతర కెరోటినాయిడ్లు రామన్ పద్ధతిలో బలమైన సంకేతాలిస్తాయి. ఒత్తిడికి గురైన ఆకులో పత్రహరితం వెలువరించే మందమైన ఎర్రని కాంతి కూడా మారుతుంది. ఈ మార్పులను ఆకు కోయకుండానే నమోదు చేయవచ్చు. కానీ మొక్క ఒత్తిడికి లోనైనదని చెప్పగలిగినంత సులభంగా, దానికి కారణం నీటి ఎద్దడా, పురుగా, వైరసా అన్నది ఈ చిత్రం చెప్పలేదు. ఎండలో, గాలిలో, దుమ్ములో ఉన్న చేనులో కొలత ప్రయోగశాలలో ఉన్నంత స్థిరంగా ఉండదు. అందువల్ల నెల్లికుదురు రైతు ఈనాటికీ ఆకు వెనుక భాగాన్ని, పూతను స్వయంగా తిప్పి చూసుకోవలసిందే. అనుమానం ఉన్నచోట జిల్లాలోని మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించడం మేలు.

విలేకరులకు ఒక సూచన. ఇటువంటి పరిశోధనలతో వచ్చే ఎరుపు, ఆకుపచ్చ బొమ్మలు ఛాయాచిత్రాలు కావు. ఏ పదార్థం ఎంత ఉన్నదో తెలిపే కొలతలకు కంప్యూటర్‌లో రంగులు కేటాయిస్తారు. ఎరుపు కనిపించినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. బొమ్మను ప్రచురించేటపుడు ఏ రంగు దేనిని సూచిస్తున్నదో, కొలత బ్రతికున్న కణజాలంపై జరిగిందో, కోసిన నమూనాపై జరిగిందో పరిశోధకులను అడిగి తెలుసుకుని, ఆ వివరాన్ని బొమ్మ కిందనే ఇవ్వవలసి ఉంటుంది.