చెక్క ఫ్లోర్ వేయిస్తున్నారా? బకెట్ పక్కన పెట్టండి

ఇల్లు కొన్నాక మనవాళ్ళలో చాలామంది మొదట చేయించే పని కార్పెట్ పీకించడం. పసుపు, నూనె, పిల్లల పాలు అన్నీ కార్పెట్‌లోకే దిగుతాయి, చెక్క అయితే హాయిగా తుడిచేసుకోవచ్చు అనుకుంటాం. నిజమే కానీ, మనకు అలవాటైన తుడవడం వేరు, చెక్కకు కావలసింది వేరు. చిక్కంతా అక్కడే.

మన ఊళ్ళలో ఇళ్ళకి తాండూరు బండలో, బేతంచెర్ల బండలో, ఈమధ్య అయితే టైల్సో ఉంటాయి. పండగొస్తే నాలుగు బకెట్లు గుమ్మరించి చీపురుతో బయటికి తోసేస్తాం. చెక్క దగ్గర ఆ పని కుదరదు. వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి గడియ పడక తిప్పలు పడటం మీకు గుర్తుండే ఉంటుంది. ఎండలు వచ్చేసరికి అదే తలుపు వదులైపోతుంది. ఇక్కడ అమెరికాలో మీ హాల్లో వేయించే ఓక్ ఫ్లోర్ కూడా అంతే. ఎండాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, చలికాలం హీటర్ గాలికి ఆరి ముడుచుకుంటుంది.

షాపుకి వెళ్తే అన్నిటినీ వుడ్ లుక్ అనే చూపిస్తారు, కాస్త జాగ్రత్త. సాలిడ్ హార్డ్‌వుడ్ అంటే పై నుంచి కింది దాకా ఒకటే చెక్క, సాధారణంగా ముప్పావు అంగుళం మందం. గీతలు పడితే సాండింగ్ చేయించి మళ్ళీ కొత్తదానిలా చేసుకోవచ్చు, అదీ చాలాసార్లు. ఇంజనీర్డ్ అంటే కింద ప్లైవుడ్ పొరలు, పైన అసలు చెక్క పొర. తేమకి అంతగా కదలదు, కానీ పై పొర పల్చగా ఉంటే సాండింగ్‌కి పనికిరాదు. పై పొర ఎన్ని మిల్లీమీటర్లో అడిగి మరీ కొనండి. లామినేట్ మీద ఉండేది చెక్క బొమ్మ మాత్రమే. వినైల్ ప్లాంక్ పూర్తిగా ప్లాస్టిక్, నీళ్ళు పడినా పట్టించుకోదు. వంటింట్లో నీళ్ళు పడకుండా ఉండవు అనుకునే ఇంటికి అదే మేలని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే.

టెక్సస్‌లో లాగా కాంక్రీట్ స్లాబు మీద కట్టిన ఇల్లయితే ఇంజనీర్డ్ వైపే చూడండి. కాంక్రీట్‌లోంచి తేమ పైకి వస్తూనే ఉంటుంది. బేస్‌మెంట్‌లో సాలిడ్ అసలు వద్దు.

ఇక వేయించడం. మనవాళ్ళకి అసలు ప్రమాదం గృహప్రవేశం ముహూర్తం నుంచే వస్తుంది! తేదీ దగ్గర పడిందని మనం తొందరపెడతాం, కాంట్రాక్టరు సరే అంటాడు. నాకు తెలిసిన ఒకావిడ ఇంట్లో ఆగస్టులో ట్రక్కు దిగిన రోజే పలకలకి మేకులు కొట్టేశారు. జనవరికల్లా పలకల మధ్య పిన్నీసు దూరేంత సందులు వచ్చాయి. కాంట్రాక్టరు ఫోనెత్తలేదు.

చెక్క మీ ఇంటి గాలికి అలవాటు పడాలి. పెట్టెలు గరాజ్‌లో కాదు, హీటర్, ఏసీ నడుస్తున్న ఇంట్లో పెట్టించండి. ఎన్ని రోజులు అనేది క్యాలెండర్ చూసి చెప్పేది కాదు, మాయిశ్చర్ మీటర్ చెప్పాలి. పలకకీ కింద సబ్‌ఫ్లోర్‌కీ తేమలో తేడా, 3 అంగుళాల లోపు పలకలకి 4 శాతం, అంతకన్నా వెడల్పువాటికి 2 శాతం మించకూడదు. మీ కళ్ళ ముందే మీటర్ పెట్టి చూపించమనండి. మొహమాటం వద్దు, వేల డాలర్లు మీవి. గోడ చుట్టూ సందు వదులుతున్నారో లేదో కూడా చూడండి. ఎండాకాలం ఉబ్బిన చెక్కకి ఆ చోటు కావాలి, లేకపోతే మధ్యలో పైకి లేస్తుంది. తర్వాత ఆ సందుని బేస్‌బోర్డ్ కప్పేస్తుంది.

ఇంట్లోనే పాలీయురిథేన్ పూయిస్తే ఆరడానికి కూడా రోజులు లెక్కేసుకోండి. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, కానీ ఆయిల్ రకం పూర్తిగా గట్టిపడటానికి నెల దాకా పడుతుంది. అందాకా రగ్గులు పరచొద్దు. అంటే ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టి కాంట్రాక్టరుని పిలవాలి. పాలు పొంగించడం స్టవ్ మీదే కాబట్టి భయం లేదు. హోమం మాత్రం బయట ప్యాటియో మీద పెట్టుకోండి. స్మోక్ అలారం గోల కూడా తప్పుతుంది. దీపపు కుందుల కింద ఇత్తడి పళ్ళెం ఉండాలి. ముగ్గు పొడిపిండితో వేయండి, తడిపిండి వద్దు. కొబ్బరికాయ సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటా. గట్టిదనం కొలిచే జంకా లెక్కలో రెడ్ ఓక్ 1290, హికరీ 1820 అంటారు గానీ, కుక్కర్ చేయి జారితే రెంటికీ సొట్టే.

రోజువారీ పని మాత్రం నిజంగా తక్కువ. పన్నెండు గంటల షిఫ్ట్ చేసొచ్చిన రోజు ఎవరు మాప్ పట్టుకుంటారు? పొడి మైక్రోఫైబర్‌తో ఒకసారి లాగితే చాలు. వారానికోసారి చెక్క ఫ్లోర్లకని అమ్మే క్లీనర్ గుడ్డ మీద చల్లి తుడవండి. గట్టిగా పిండిన గుడ్డయినా తుడిచిన తడి నిమిషంలో ఆరిపోవాలి. స్టీమ్ మాప్ వద్దే వద్దు, వేడి ఆవిరి పలకల సందుల్లోకి దూరుతుంది. వెనిగర్ నీళ్ళు వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి, వాటితో మెరుపు పోతుంది. నర్సు అక్కలూ, బ్లీచ్ వైప్స్ హాస్పిటల్లోనే వదిలి రండి. పసుపు పడితే వెంటనే తుడిచేయండి, కొద్దిగా మరక మిగిలినా వెలుతురు తగిలేచోట పసుపు రంగు దానంతటదే వెలిసిపోతుంది.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచే మన అలవాటు చెక్కకి పెద్ద రక్ష. ఇసుక, మంచు రోజుల ఉప్పు లోపలికి రావు. కుర్చీల కాళ్ళకి ఫెల్ట్ ముక్కలు అంటించండి. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. పది, పదిహేను డాలర్ల హైగ్రోమీటర్ కొని గోడకి పెట్టుకుంటే, హ్యుమిడిఫైయర్ ఎప్పుడు వేయాలో అదే చెబుతుంది.

డిష్‌వాషర్ లీకై పలకల అంచులు పైకి లేస్తే కంగారుగా సాండింగ్ చేయించొద్దు. ముందు లీకు ఆపి, పూర్తిగా ఆరనివ్వండి, వారాలు పట్టినా సరే. తడిమీదే అంచులు అరగదీస్తే, ఆరాక పలక మధ్యలో బోర్లించినట్టు ఎత్తుగా మిగిలిపోతుంది.

అప్పుడప్పుడు బాగా నడిచే చోట ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే పర్వాలేదు. చెక్క పీల్చుకుని నల్లబడితే పైపూత అరిగిందని అర్థం. అప్పుడే పైపైన గరుకు చేసి ఇంకో కోటు వేయిస్తే తక్కువలో పోతుంది, మొత్తం సాండింగ్ దాకా వెళ్ళదు. ఆయిల్ సోపులు, మైనాలు రాసి ఉంటే మాత్రం ఆ కోటు అంటుకోదు, అందుకే అవి కొనకండి.

పని అయ్యాక మిగిలిన పలకలు ఒక పెట్టెడైనా దాచుకోండి, అదీ గరాజ్‌లో కాదు, ఇంట్లో మంచం కింద. అయిదారేళ్ళకి ఒక పలక మార్చాల్సి వస్తే ఆ రంగు షాపులో దొరక్కపోవచ్చు.