నువ్వు గింజలో ఎవరి చెమట?

ఈమధ్య పట్నాల్లో అవిసె గింజల మాట జోరుగా వినిపిస్తోంది. గుండెకు మంచిదంటున్నారు, ఆడవాళ్లకు మంచిదంటున్నారు. పొట్లాలు కట్టి కిరాణా కొట్లలో అమ్ముతున్నారు. మంచిదే కావచ్చు. కానీ అది ఎక్కువగా మధ్య భారతంలో చలికాలం పండే పైరు. గరివిడి మెట్టల పైరు కాదు. తెలుగులో అవిసె అనే పేరుతో ఒక చెట్టు కూడా ఉంది. అది వేరు, ఇది వేరు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిండిలోకీ మందులోకీ, పండగలోకీ చావులోకీ వచ్చిన చిన్న గింజ ఒకటుంది. అది నువ్వు.

నువ్వుల గురించి రాసినవాళ్లు తక్కువేమీ కాదు. వాతానికి నువ్వులనూనె, పితృదేవతలకు నువ్వులు నీళ్లు, శనిదోషానికి నల్లనువ్వులు. ఇవన్నీ గింజ చేతికొచ్చాక మొదలయ్యే కథలు. చేతికి రాకముందు జరిగిన కథ ఎవరూ రాయలేదు. విష్ణువు చెమట నుంచి నువ్వులు పుట్టాయని పురాణం చెబుతుంది. గింజకీ చెమటకీ సంబంధం ఉందని పురాణమైనా ఒప్పుకుంది, సంతోషం. ఎవరి చెమట అన్నదే మా ప్రశ్న.

మాటలో దాగిన చరిత్ర

ముందు మాట సంగతి చూద్దాం. మనం ఇవాళ పామోలిన్‌నీ నూనె అంటున్నాం, కిరసనాయిల్‌నీ నూనె అంటున్నాం. కానీ నూనె అంటే నువ్వుల నెయ్యి అనే అర్థం. 'నూ' అంటే నువ్వు, దాని నెయ్యి నూనె. తమిళంలో కూడా ఇంతే. ఎళ్ అంటే నువ్వు, ఎళ్ నెయ్యి ఎణ్ణెయ్ అయింది. సంస్కృతంలో తైలం అన్న మాట తిల నుంచి వచ్చింది. అంటే ఈ దేశంలో నూనె అన్న ఊహే నువ్వుతో పుట్టింది. హరప్పా తవ్వకాల్లో మాడిన నువ్వు గింజలు దొరికాయి. నువ్వుకు మూలమైన అడవి జాతి మన దేశపు పడమటి తీరంలో ఇప్పటికీ కనిపిస్తుంది. అడవిమొక్కను పొలంమొక్కగా మార్చినవాళ్లెవరో ఏ శ్లోకంలోనూ లేదు. ఆ పని మంత్రంతో జరగలేదు. తరతరాలుగా గింజ ఏరి, దాచి, మళ్లీ విత్తినవాళ్ల చేతుల మీదుగా జరిగింది.

పొలంలో తెలిసే చదువు

నువ్వు తేలికపాటి నేలల పైరు. మన జిల్లాల్లో వేసవి చివర పడే వానలకు దుక్కి దున్ని చల్లుతారు. గింజ మరీ చిన్నది. చేత్తో ఊరికే చల్లితే ఒకచోట గుత్తిగా, ఒకచోట బోడిగా పడుతుంది. అందుకే గింజకు మూడింతలు ఇసుక కలిపి చల్లుతారు. ఎకరానికి రెండు రెండున్నర కిలోల విత్తనం చాలు. ఎంత లోతులో పడాలి, ఎక్కడ ఒత్తు తీయాలి, ఎప్పుడు కలుపు తవ్వాలి అన్నది వంగి పనిచేసే ఆడవాళ్లకు తెలిసిన విద్య. నీరు నిలిస్తే రెండు రోజుల్లో పైరు చచ్చిపోతుంది. పూత రావాల్సినచోట ఆకుల గుబురు వస్తే దాన్ని వెర్రి తెగులు అంటారు. దీపపు పురుగు దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుందని శాస్త్రవేత్తలు తర్వాత కనిపెట్టారు. ఆ మొక్కను పీకి పారెయ్యాలని కూలికి వెళ్లినవాళ్లకు తెలుసు.

కోత మరీ నేర్పుతో కూడిన పని. ఆకు పసుపు తిరిగి, కింది కాయలు పండగానే కొయ్యాలి. ఆలస్యమైతే కాయ పగిలి గింజ నేలపాలు. తెల్లవారుజామున మంచు పదునులో కోసి, కట్టలు కట్టి, నిలబెట్టి ఎండబెడతారు. తర్వాత బోర్లించి దులుపుతారు. చేటతో చెరిగి, జల్లెడ పట్టి, మన్నూ ఇసకా వేరుచేసేదీ ఆడవాళ్లే. మూడు నెలల్లోపు పైరు చేతికొస్తుంది. యలమంచిలి పరిశోధనా కేంద్రం నుంచి గౌరి, మాధవి వంటి రకాలు వచ్చాయి. వాటి పేర్లు పుస్తకాల్లోకెక్కాయి. ఇసుక కలిపి చల్లడం మొదట ఎవరు కనిపెట్టారో, ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంత తెలిసిన చేతులకు సొంత చెక్క ఎంత? కూలికి వెళ్లే దళిత ఇంటికి నువ్వు విత్తుకోడానికి నేల ఉండదు. ఉన్న కాస్త నేల నిలుపుకోడానికి ప్రాణాలు పోయిన చరిత్ర మన పక్కనే ఉంది. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు మిగులు భూమి సాగు చేసుకుంటున్నందుకు ఐదుగురు దళితులను చంపేశారు. గింజ గురించి మాట్లాడుతూ నేల గురించి మాట్లాడకపోతే అది సగం మాటే.

గానుగ: పాపమూ దీపమూ

గింజ పొలం దాటి గానుగకు వెళ్తుంది. మన ప్రాంతంలో గానుగాడేవాళ్లు తెలికులవాళ్లు. ఆ కులం పేరులోనే తిల ఉంది. ఎద్దు కళ్లకు గంతలు కట్టి రోజంతా తిప్పితే గింజ నలిగి నూనె దిగుతుంది. చాకిరీ చేసేవాణ్ణి గానుగెద్దు అనడం అక్కడి నుంచే వచ్చింది.

మరి ఈ శ్రమను శాస్త్రం ఏమంది? మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఒక లెక్క ఉంది. పది కసాయిశాలల పాపం ఒక గానుగకు సమానమట. అందుకని గానుగవాడి దగ్గర బ్రాహ్మడు దానం పట్టకూడదట. అదే గానుగలో దిగిన నూనె గుడిలో దీపమైతే పుణ్యం! నూనె పవిత్రం, తీసినవాడు అపవిత్రం. డాక్టర్ అంబేడ్కర్ నాయకత్వంలో 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని ఎందుకు తగలబెట్టారో అర్థం కావాలంటే ఈ ఒక్క లెక్క చాలు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. నిచ్చెనమెట్ల వ్యవస్థలో అవమానం పొందినవాడు తన కింద ఇంకొక మెట్టు చూసుకుంటాడు. పొలంలో గింజ చెరిగిన దళితురాలు గానుగ దాకా వెళ్తే ఎంత దూరంలో నిలబడాల్సి వచ్చింది? ఈ ప్రశ్న తెలికుల మిత్రులూ మనమూ కలిసి వేసుకోవలసిందే.

తిండి, మందు

నూనె తీశాక మిగిలేది తెలకపిండి. నూనె ఇంటికీ సంతకీ పోతుంది, గింజ పూజకు పోతుంది, పిండి గొడ్లకూ పేదలకూ మిగులుతుంది. కానీ బలం ఎక్కడుందో చూడండి. నువ్వులో సగం దాకా నూనే. అది దిగిపోయాక పిండిలో మూడో వంతుకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. బాలింతకు పాలు పడతాయని వెల్లుల్లి వేసి తెలకపిండి కూర పెట్టడం మన ఆడవాళ్ల వైద్యం. పెద్దమనిషైన పిల్లకు బెల్లం, నువ్వులు కలిపి దంచిన చిమ్మిలి పెడతారు. వేడి చేస్తుందని కడుపుతో ఉన్నవాళ్లకు నువ్వులు వద్దంటారు. వేడి అన్నంలోకి నువ్వుగుండ ఉంటే ఆ పూటకు వేరే కూర అక్కర్లేదు.

100 గ్రాముల పొట్టు నువ్వుల్లో 900 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, 14 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటాయి. అదంతా ఒంటికి పట్టదు. పొట్టులోని ఆక్సలేట్లు కొంత అడ్డుపడతాయి. అయినా రక్తం తక్కువైన కూలి పిల్లకు ఈ తిండి అవసరం ఎంతో చెప్పనక్కర్లేదు. చిమ్మిలి ఆచారం అందరిదీ. అది ఎన్ని రోజులు, ఎంత బెల్లంతో అన్నది మాత్రం ఇంటిని బట్టి, కులాన్ని బట్టి మారింది. పేరంటం పూర్తికాకుండానే పిల్లను పనికి పంపాల్సిన ఇంట్లో ఆచారం కూడా అరకొరే.

నమ్మకాలు ఎవరి వైపు?

నువ్వులు చేతికి చెయ్యి ఇవ్వకూడదంటారు, కింద పెడితే తీసుకోవాలి. శనివారం నూనె కొని ఇంటికి తేకూడదంటారు. దోషం ఉన్నవాడు నల్లనువ్వులు దానం చేస్తే దోషం పుచ్చుకున్నవాడికి పోతుందంటారు. పూర్తిగా వదులుకున్నదాన్ని తిలోదకాలు ఇచ్చేశాం అంటాం.

ఈ నమ్మకాలను వింతలుగా ఏరి పుస్తకంలో పెట్టడం జానపద పరిశోధన కాదని మేము అనుకుంటున్నాం. చేతికి చెయ్యి తగలకుండా వస్తువు కింద పెట్టడం మనకు ఒక్క నువ్వులతోనే అనుభవమా? కూలి డబ్బులు కింద పడేసి ఏరుకోమన్న అనుభవం ఎన్ని వాడల్లో లేదు? ఒకరి కీడు ఇంకొకరి మీదకు దించే ఏర్పాటు ఒక్క శని దానంలోనే ఉందా? చావింట్లో పై కులాలవాళ్లు నువ్వులు నీళ్లు వదులుతారు, గొయ్యి తవ్వే పని, డప్పు కొట్టే పని దళితుల మీద పడింది. మైల ఒకరిది, మోత ఇంకొకరిది.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

ఎద్దు గానుగలు పోయి యంత్రాలు వచ్చాయి. రసాయనంతో నూనె పిండేసిన చెక్క తినడానికి పనికిరాదు, దాణాలోకి పోతుంది. పేదింటి పొయ్యి మీదికి చవక పామోలిన్ వచ్చింది. ఇదే కాలంలో పట్నంలో గానుగ నూనె ఆరోగ్యం పేరుతో ఖరీదైన సరుకయింది. నిన్నటిదాకా చిన్నచూపు చూసిన తిండి ఇవాళ సీసాలోకెక్కింది. పండించినవాళ్లకు మాత్రం అందకుండా పోయింది. అవిసె గింజల పొట్లం చూసినప్పుడు మాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

విద్యార్థులు, ఉపాధ్యాయులు చేయగల పని ఒకటుంది. సెలవుల్లో గరివిడి, చీపురుపల్లి చుట్టూ ఉన్న వాడలకు వెళ్లండి. నువ్వు కోతకు వెళ్లిన ముసలమ్మల దగ్గర కూర్చోండి. కూలి గింజల్లో ఇచ్చేవారా, డబ్బులా? రాలిన గింజ ఏరుకోనిచ్చేవారా? విత్తనం ఎలా దాచేవారు? తెలకపిండి ఎవరి దగ్గర తెచ్చుకునేవారు, ఎక్కడ నిలబడి? వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసుకోండి, దిద్దకండి.

నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఈ ముసలమ్మల నోట్లో మాత్రం అది ఏళ్ల తరబడి నానుతూనే ఉంది, అడిగినవాళ్లు లేక.