రంపపు బల్ల రొద

వడ్రంగిశాలలో పనిచేయువారికి రొద క్రొత్త కాదు. కాని ప్రతి యంత్రమునకును తనదైన చప్పుడొకటి కలదు. రంపపు బల్లపై గుండ్రని రంపము తిరుగునపుడు ఎడతెగక సాగు ఈలవంటి ధ్వని దాని సహజ స్వరము. ఒకనాడు దానిలో గరగరయో, దడదడయో, కీచుధ్వనియో చేరినచో ఎక్కడనో లోపము కలిగినదన్నమాట. అది విన్నవాడు మొదట చేయవలసినది మరమ్మతు కాదు, విచారణ.

సహజ స్వరమెట్టిదో లెక్కకట్టి చెప్పవచ్చును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది. రెండు ధ్రువముల మోటారు దానిపై నిమిషమునకు ఇంచుమించు 2,880 చుట్లు, అనగా సెకనుకు 48 చుట్లు తిరుగును. మోటారు పుల్లీయు, ఇరుసు పుల్లీయు సమానమైనచో రంపమును అంతే వేగముతో తిరుగును. దానికి 40 పళ్లున్నచో సెకనుకు 1,920 పళ్లు గాలిని కోయుచుండును. ఈలకు ముఖ్యకారణమిదియే. 25 సెంటీమీటర్ల వ్యాసముగల రంపపు అంచు ఆ వేగమున గంటకు సుమారు 136 కిలోమీటర్ల చొప్పున పరుగెత్తును.

కనుక పరీక్షకు ముందు మీట ఆపుట చాలదు. ప్లగ్గును ఊడదీసి కంటికెదురుగ ఉంచవలెను. సులభమైనది మొదట చూడవలెను. బల్ల కాళ్లు నేలను సమముగ తాకుచున్నవా? రసమట్టము పెట్టినచో తెలియును. బోల్టులు వదులైనవా? రంపమును బిగించిన నట్టు గట్టిగనున్నదా? పళ్లకు కట్టె బంక పట్టినదా? ఆకు వంగినదా? కట్టె కోయునపుడు మాత్రమే రొద పెరుగుచున్నచో పదును తగ్గియుండవచ్చును. లేదా కట్టెను ఆనించి నడుపు బద్ద రంపమునకు సమాంతరముగ లేక, కట్టె నడుమ నలిగిపోవుచుండవచ్చును. ఈ రెండవది ప్రమాదకరము. అట్టి కట్టె హఠాత్తుగ వెనుకకెగిరి పనివానిని కొట్టగలదు.

ఇవన్నియు సరిగనున్నచో రంపమును, బెల్టును విప్పి, మోటారునొక్కదానినే నడిపి వినవలెను. ఈ ఒక్క పరీక్షతో యంత్రము రెండు భాగములగును. రొద నిలిచియున్నచో దోషము మోటారుది. మాయమైనచో బెల్టు, పుల్లీ, ఇరుసులలో ఒకదానిది. చాలా రోజులు కదలక నిలిచిన యంత్రమున బెల్టు పుల్లీల వంపునకే అలవాటుపడి, నడిపిన కొద్దిసేపు దడదడలాడును. పుల్లీని ఇరుసుకు బిగించు మరమేకు వదులైనచో, మొదలుపెట్టునపుడును ఆపునపుడును గలగలమనును. తిన్నని ఇనుప బద్దను రెండు పుల్లీల ముఖములకు ఆనించినచో అవి ఒక వరుసలో నున్నదియు లేనిదియు తేలును.

ప్లగ్గు మరల తీసి, ఇరుసును చేతితో మెల్లగ త్రిప్పవలెను. ఇసుక నలిగినట్లు తోచినచో బేరింగు అరిగినది. దానిపై చెక్కిన సంఖ్యను చూచి అదే సంఖ్యగల దానిని కొనవలెను. క్రొత్తదానిని సుత్తితో మోది ఎక్కించుట పెక్కుచోట్ల జరుగు పొరపాటు. ఆ దెబ్బ గుండ్ల ద్వారా సాగి లోపలి దారులకు గుంటలు పెట్టును; రొద మరల మొదలగును. ఇరుసుపై ఎక్కించునపుడు లోపలి వలయమును మాత్రమే, గూటిలో కూర్చునపుడు వెలుపలి వలయమును మాత్రమే నొక్కవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన నియమము వేరొకటి. ఒకసారి ఒక్కదానినే మార్చి, వెంటనే విని చూడవలెను. బెల్టు, బేరింగు, రంపము ఒకేనాడు మార్చినచో రొద పోవచ్చును గాని, దోషమేదియో ఎన్నటికిని తెలియదు. ప్రయోగశాలలో విద్యార్థి నేర్చు పద్ధతియు ఇదియే.

చెవియే వైద్యసాధనమగుట ఇక్కడ వింత కాదు. 1816లో ఫ్రెంచి వైద్యుడు రెనే లెనెక్ రోగి గుండె చప్పుడు వినుటకు కాగితమును గొట్టముగ చుట్టెను. పిదప కొయ్యతోనే గొట్టము చేసి వాడెను. అయితే యంత్రరోగమును కనిపెట్టు చెవికి ఆ యంత్రమే శత్రువు. 85 డెసిబెల్ల రొదను దినమునకు 8 గంటలకు మించి వినరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచించినది. ప్రతి 3 డెసిబెల్లకు ఆ గడువు సగమగును. 100 డెసిబెల్లకు 15 నిమిషములే. చెవిలోపలి సున్నిత రోమకణములు ఒకసారి నశించినచో తిరిగి మొలవవు. మొదట పోవునది హెచ్చు స్వరములను వినుశక్తి. అరిగిన బేరింగు తొలుత కీచుమనునది ఆ స్వరముననే. చెవులకు కప్పు లేక యేండ్లతరబడి పనిచేసిన వడ్రంగి అందువలన యంత్రము చేయు తొలి హెచ్చరికను వినలేడు. పక్కనున్న పిల్లవానికి అది వినిపించును; అనుభవశాలికి వినిపించదు. కావున బాగుచేసిన రంపపు బల్ల మీట నొక్కుటకు ముందు చెవులకు కప్పు తగిలించుకొనుటయు మరమ్మతులో భాగమే.