సూది వెంట వచ్చు కామెర్లు

కామెర్లు అనగానే మన ఇండ్లలో పచ్చబడిన కన్నులు, పథ్యము, నేల ఉసిరి పసరు జ్ఞాపకమునకు వచ్చును. ఇప్పుడు చెప్పబోవు హెపటైటిస్ సి అను కామెర్ల జబ్బునకు తరచుగా ఈ గుర్తు లేవియు నుండవు. అది ఇరువది ముప్పది సంవత్సరములు శరీరములో నిశ్శబ్దముగా నుండి, కాలేయమును గట్టిపరచును. కొందరికి క్యాన్సరును గూడ తెచ్చును. ఈ వైరసును 1989లో గుర్తించిరి. దీనికి నేటికిని టీకా లేదు. ఇది ముఖ్యముగా రక్తము ద్వారా సంక్రమించును.

మాదకద్రవ్యములను సూదితో ఎక్కించుకొనువారిలో ఈ వ్యాధి మిక్కుటము. వారికి తగిన శాస్తియే జరిగినదని కొందరందురు. అట్లయినచో ఈజిప్టు పల్లెజనులు చేసిన తప్పేమి? 1950వ దశకము మొదలు 1980వ దశకము వరకు బిల్హార్జియా అను పురుగుజబ్బును మాన్పుటకై ప్రభుత్వమే వారికి సూదిమందు నిప్పించినది. సూదులను సరిగా శుద్ధిచేయక మరల మరల వాడుటచే ఎందరికో ఈ వైరసు సోకినది.

మన దేశమున మణిపురము సంగతి చూడుడు. బర్మా సరిహద్దు దాటి వచ్చిన హెరాయిన్ 1980వ దశకమున అచ్చటి యువకులను లోబరచుకొన్నది. సిరంజి దొరకనిచో కలములో సిరా పోయు ఫిల్లరునకు సూది తగిలించి, ఒకరి తరువాత నొకరు వాడుకొనిరి. ఎయిడ్సు వైరసుతోపాటు హెపటైటిస్ సి కూడ వ్యాపించినది. పిమ్మట స్వచ్ఛంద సంస్థలు క్రొత్త సూదుల నిచ్చి ప్రాతవానిని తీసికొనసాగినవి. ఇది దురలవాటును ప్రోత్సహించుట కాదా యని పెద్దలు శంకింతురు. పెక్కు దేశముల అనుభవము అట్లు చెప్పుట లేదు.

అయితే సూది యొక్కటి చాలదు. మందు కరగించు చెంచా, వడకట్టు దూది, కలుపు నీరు, వీనిలో దేనికి రక్తపు తడి అంటినను ప్రమాదమే. సిరంజి మొదట మిగిలిన నెత్తురులో ఈ వైరసు వారముల తరబడి బ్రతుకగలదు. కావున ఇవన్నియు ఎవరివి వారికుండవలెను. నాలుక క్రింద నుంచుకొను బుప్రెనార్ఫిన్ మాత్రను వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చినచో సూది అవసరమే తగ్గును.

పూర్వపు ఇంటర్‌ఫెరాన్ చికిత్స నెలల తరబడి సూదులతో పీడించెడిది. 2013 తరువాత వచ్చిన మాత్రలను సాధారణముగా పండ్రెండు వారములు వాడినచో నూటికి తొంబదియైదుగురు స్వస్థులగుచున్నారు. మన దేశమున 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ పథకము క్రింద ఈ మందులు ఉచితము. ఐనను "ముందు అలవాటు మానుము, తరువాత రమ్ము" అను మాట పలుచోట్ల వినబడుచునే యున్నది. నా దృష్టిలో ఇది పెద్ద పొరపాటు. ఇంకను సూది వాడుచున్నవారికిని ఈ మాత్రలు చక్కగా పనిచేయును. నయమైనవాని నుండి మరియొకరికి వ్యాధి అంటదు. ఆస్ట్రేలియా 2016 మార్చి నుండి ఇట్టి ఆంక్ష లేకుండ ప్రభుత్వవ్యయముతో చికిత్స నిచ్చుచున్నది.

మరియొక చిక్కు పరీక్షలది. మొదటి పరీక్ష వైరసు ఎప్పుడో సోకినదని మాత్రమే తెలుపును. ఇప్పుడున్నదో లేదో రెండవది తేల్చును. "వచ్చే వారము రండు" అన్నచో కొందరు మరల రారు. అందుచేత సూదులిచ్చు చోటనే రెంటికిని రక్తము తీసికొని, మాత్రలును అచ్చటనే ఇచ్చుట మేలు.

ఇంటిలో అట్టి బిడ్డ యున్నచో కంచము వేరు చేయ నక్కరలేదు. కలిసి భుజించుటవలన ఇది రాదు. క్షురకత్తి, పండ్ల బ్రష్షు మాత్రము వేరుగా నుండవలెను. నయమైన పిమ్మట మరల సోకవచ్చును. అప్పుడును నిస్సంకోచముగా మరల చికిత్స చేయింపవచ్చును.